మెటల్ పాటని హార్డ్‌కోర్‌లో వాయించడం: అపోహలు, వాస్తవాలు

హార్డ్‌కోర్ పంక్ (పంక్ రాక్‌లోనే ఇంకా వేగంగా, గట్టిగా ఉండే రకం) బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాను. మా సెట్‌లో పాత హెవీ మెటల్ పాటలు ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి, షో అయిపోయి వైర్లు చుట్టుకుంటుంటే ఎవరో ఒకరు వచ్చి వాటి గురించే అడుగుతారు. ఎప్పుడూ అవే మాటలు వినబడుతున్నాయి కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నా.

అపోహ: హార్డ్‌కోర్ వాళ్లకి మెటల్ అంటే పడదు, కవర్ చేసేది (వాళ్ల పాటని తిరిగి వాయించేది) వెక్కిరించడానికే

ఎనభైల మొదట్లో అమెరికాలో ఈ రెండు గుంపులకీ పడేది కాదన్నది నిజమే. జుట్టు పెంచినవాళ్లూ గుండు కొట్టించుకున్నవాళ్లూ ఒకే హాల్లో చేరితే కొట్లాటలు అయ్యేవి. కానీ ఆ గొడవ ఎక్కువగా స్టేజి కిందే. హార్డ్‌కోర్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్ 1984లో తెచ్చిన 'మై వార్' ఆల్బమ్ రెండో వైపు వినండి, ఉన్నవి మూడే పాటలు, ఒక్కోటీ ఆరు నిమిషాల పైనే, అచ్చం మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్‌లా బరువుగా ఈడ్చుకుంటూ నడుస్తాయి. నిమిషంన్నర పాటలకి అలవాటుపడిన అభిమానులకి అది మింగుడుపడలేదు. పదేళ్ల తర్వాత, 1994లో, సబ్బాత్‌కి నివాళిగా 'నేటివిటీ ఇన్ బ్లాక్' ఆల్బమ్ వచ్చినప్పుడు అందులో బ్రూక్లిన్ హార్డ్‌కోర్ బ్యాండ్ బయోహజార్డ్ 'ఆఫ్టర్ ఫరెవర్' వాయించింది. వెక్కిరింపు ఎక్కడా లేదు, రిఫ్‌ని (పాటంతా తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరసని) ఎంత గౌరవంగా పట్టుకున్నారో వింటేనే తెలుస్తుంది.

2008లో కెరాంగ్ పత్రిక మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ పాటల కవర్లతో ఒక సీడీ వేస్తే, ఇంగ్లండ్ హార్డ్‌కోర్ బ్యాండ్ గ్యాలోస్ 'రాత్‌చైల్డ్' ఎంచుకుంది. నాకు ఆ ఎంపికే చాలా నచ్చింది. ఒరిజినల్ 1981 నాటిది, మూడు నిమిషాలు కూడా ఉండదు, పాడింది పాల్ డియానో. ఆయన గొంతులోనే సగం పంక్ ఉంది.

అపోహ: సోలో వాయించడం రాదు కాబట్టే తీసేస్తారు

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. హార్డ్‌కోర్‌కి మూలస్తంభాల్లాంటి బ్యాడ్ బ్రెయిన్స్ వాషింగ్టన్‌లో మొదట జాజ్ ఫ్యూజన్ వాయించినవాళ్లు. వాళ్లకి చేత కాదని ఎవరంటారు?

అసలు కారణం వేరే. చాలా హార్డ్‌కోర్ బ్యాండ్లలో గిటార్ ఒక్కటే. ఆ ఒక్క గిటారూ సోలోకి వెళ్తే కింద రిఫ్ మోసేవాళ్లుండరు, అప్పటిదాకా గోడలా నిలబడిన శబ్దం ఒక్కసారి పల్చబడిపోతుంది, ముందు వరసలో గెంతుతున్నవాళ్లు కూడా ఆగిపోతారు. బాస్ గిటార్‌కి డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించేది) పెట్టి రిఫ్ దానికి అప్పగిస్తే కొంతవరకు నడుస్తుంది, మేం అలా చేసిన పాటలూ ఉన్నాయి. లేదంటే సోలో ఉన్న చోట వేగం సగానికి దించి బరువైన దరువు వాయిస్తాం, దాన్నే బ్రేక్‌డౌన్ అంటారు. పైగా, ప్రతి మెటల్ క్లాసిక్‌లోనూ సోలో ఉండాలని ఎవరన్నారు? జూడాస్ ప్రీస్ట్ 1980లో చేసిన 'బ్రేకింగ్ ద లా'లో గిటార్ సోలోనే లేదు.

అపోహ: ట్యూనింగ్ ఎంత కిందికి దించితే అంత హెవీ

బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి, అంటే ఫ్రెట్ల మీద తీగలు నొక్కేది ఆ చెయ్యే. తీగలు వదులుగా ఉంటే వేళ్లకి తేలిక. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో మూడు సెమీటోన్లు (ఒకటిన్నర టోన్) దించి వాయించిన పాటలు అలా వచ్చినవే. అవి ఎక్కువగా నెమ్మది పాటలు కాబట్టి వదులు తీగ అందంగా మోగింది. అదే ట్యూనింగ్‌లో వేగంగా డౌన్‌స్ట్రోకులు (పై నుంచి కిందికి మాత్రమే కొట్టే దెబ్బలు) కొట్టి చూడండి, తీగ ఊగిపోయి స్వరం నిలవదు. నేను ఒక్క టోనే దించుతాను, కాస్త లావు తీగల సెట్ (11-54) వేస్తాను.

మెటల్ నుంచి పంక్ తీసుకోవడమే తప్ప తిరిగి ఇచ్చిందేమీ లేదనే మాట మీద ఎక్కువ రాయను. మెటల్ బ్యాండ్ మెటాలికా 1987లో మిస్‌ఫిట్స్‌ని, 1998లో డిస్‌ఛార్జ్‌ని, అంటే రెండు పంక్ బ్యాండ్లని, కవర్ చేసింది. ఇంకో మెటల్ బ్యాండ్ స్లేయర్ 1996లో దాదాపు ఆల్బమ్ మొత్తం పంక్ కవర్లతో నింపింది. హార్డ్‌కోర్ బ్యాండ్ హేట్‌బ్రీడ్ 2009 కవర్ల ఆల్బమ్‌లో స్లేయర్, మెటాలికా పక్కనే బ్లాక్ ఫ్లాగ్, క్రో-మాగ్స్ కూడా ఉన్నాయి.

అపోహ: స్పీడు పెంచితే చాలు, హార్డ్‌కోర్ అయిపోతుంది

అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే, మేం కూడా ఇందులో పడ్డాం. ఐరన్ మెయిడెన్ 'ద ట్రూపర్' తీసుకోండి. అందులో గుర్రం దౌడులా వినిపించేదాన్ని గ్యాలప్ అంటారు. స్కూల్లో చదివిన ఛందస్సు గుర్తుందా? గురువు, లఘువు, లఘువు. అదే భ గణం. రెండు మాత్రలు, ఒకటి, ఒకటి, మొత్తం నాలుగు. దౌడు అనిపించేది ఆ గురువు దగ్గర ఉండే చిన్న సాగు వల్లే.

ఒరిజినల్ వేగం నిమిషానికి దాదాపు 160 బీట్లు, ఒక భ గణానికి ఒక బీట్. మేం దాన్ని 210కి లాగాం. 160 దగ్గర లఘువుకి సెకనులో పదో వంతు కన్నా కాస్త తక్కువ దొరుకుతుంది, 210కి వెళ్తే పద్నాలుగో వంతే. చెయ్యి ఆ తొందరలో గురువుని కుదించేస్తుంది, మూడు దెబ్బలూ సమానమైపోతాయి, భ గణం కాస్తా న గణం అయిపోతుంది. వాయించేటప్పుడు మాకు ఏమీ తెలియలేదు, ఒళ్లంతా చెమట, అదిరిపోయింది అనుకున్నాం. రాత్రి ఇంటికొచ్చి ఫోన్‌లో రికార్డు చేసింది వింటే గిటార్ ఒక దారి, డ్రమ్స్ ఒక దారి, గుర్రం మూడు కాళ్ల మీద కుంటుతున్నట్టుంది.

వారం రోజులు దాని మీదే కూర్చున్నాం. వర్స్‌లో (చరణంలో) గ్యాలప్ పోకూడదు, పోతే ఆ పాట ఆ పాట కాదు, కాబట్టి అక్కడ 175 దాటలేదు. గ్యాలప్ అవసరం లేని చోట నేను సమానమైన డౌన్‌స్ట్రోకులకి మారిపోతాను, డ్రమ్మర్ డీ-బీట్ అనే దరువు అందుకుంటాడు. డిస్‌ఛార్జ్ పేరుతో స్థిరపడిన ఆ దరువులో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (చేత్తో కొట్టే చిన్న డ్రమ్) ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్తాయి, అందుకే వేగం అంతే ఉన్నా వినేవాళ్లకి పాట పరుగందుకున్నట్టు ఉంటుంది. ఇప్పుడు రిహార్సల్‌లో ముందు డ్రమ్మర్, నేనూ బాస్ లేకుండా వర్స్ ఒక్కటే పదిసార్లు వాయించి, ఫోన్‌లో విని, గురువు నిలబడిందో లేదో చూసుకున్నాకే మిగతావాళ్లని కలుపుతున్నాం.