లండన్ రామచిలుకలు: వాటిని హెండ్రిక్స్ వదల్లేదు, అవి చలికి చావవు

చలికాలం వచ్చిందంటే నెలకో సాయంత్రం దక్షిణ లండన్‌లో ఒక శ్మశానం గోడ పక్కన నిలబడి, బొటనవేలితో క్లిక్కర్ నొక్కుతూ చిలకల్ని లెక్కపెడుతుంటాను. పొద్దు గూకే ముందు పదీ ఇరవై గుంపులుగా, ఊరంతా వినపడేలా అరుచుకుంటూ వచ్చి ఆ పొడుగాటి చెట్ల మీద వాలతాయి. ఒకసారి వాలినవి కుదురుగా ఉంటాయా అంటే ఉండవు, మళ్లీ లేచి ఓ చుట్టు తిరిగొస్తాయి, మొదటి ఏడాది నేను వాటినే రెండేసిసార్లు లెక్కేసి మా సీనియర్ చేత చీవాట్లు తిన్నాను.

పక్షుల సర్వేలే నా ఉద్యోగం. అందుకే ఇక్కడ తెలుగువాళ్ల ఫంక్షన్‌కి ఎప్పుడు వెళ్లినా, పులిహోర ప్లేటు చేతికి రాకముందే "అన్నా, మన చిలకలు ఇక్కడికెలా వచ్చాయి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను నోరు తెరిచేలోపు పక్కాయన చెప్పేస్తాడు.

అపోహ: అమెరికన్ రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ ఒక జంటను వదిలాడు, అవే ఇన్నయ్యాయి.

పక్కాయన ఎక్కువగా చెప్పేది ఇదే. కాకపోతే 1951లో లండన్ ఐజల్‌వర్త్ స్టూడియోలో 'ది ఆఫ్రికన్ క్వీన్' షూటింగ్ నుంచి తప్పించుకున్నాయంటాడు, అదీ కాకపోతే 1987 పెనుతుపానుకి పంజరాలు విరిగాయంటాడు. హెండ్రిక్స్ లండన్‌లో దిగిందే 1966లో. తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫక్‌లో ఈ చిలక కనబడినట్టు 1855లోనే రికార్డుంది. ఇక తుపాను సంగతంటారా, అంతకు నాలుగేళ్ల ముందే, 1983లో, బ్రిటన్ పక్షుల అధికారిక జాబితాలో దీని పేరు ఎక్కింది.

2019లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్లు, నేరాలు ఎక్కడెక్కడ జరిగాయో చూసి నేరస్తుడి అడ్డా పట్టుకునే పద్ధతి ఒకటుంటే, దాన్నే చిలకలకి వాడారు. ఈ కథలు పుట్టిన చోట్లలో ఒక్కటీ తగల్లేదు. పాత పేపర్లు తిరగేస్తే మాత్రం, 1929-30లో చిలకల నుంచి మనుషులకి జ్వరం అంటుతుందని పెద్ద భయం పుట్టిన సంగతి దొరికింది. అంత టెన్షన్‌లో పెంపుడు చిలకని ఎవరు ఇంట్లో ఉంచుకుంటారు, కిటికీ తీసి వదిలేసినవాళ్లు చాలామందే ఉండొచ్చని వాళ్ల అంచనా. అలా తప్పించుకున్నవీ, విసుగొచ్చి వదిలేసినవీ ఏళ్ల తరబడి చేరుతూ వచ్చాయి. సినిమా హీరోలు, రాక్ స్టార్లు లేని కథ కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

అపోహ: ఎండ దేశం పక్షులు, గట్టి చలి పడితే పోతాయి.

మనవాళ్లే ఎక్కువ అంటారు ఈ మాట, చిలకంటే జామతోటే గుర్తొస్తుంది కదా. డీఎన్ఏ చూస్తే ఇక్కడివి చాలావరకు పాకిస్తాన్, ఉత్తర భారతం చిలకల సంతతి. హిమాలయాల కింది కొండల్లో బతికే జాతికి లండన్ డిసెంబర్ ఒక లెక్కా? పైగా ప్రతి పెరట్లో వేరుశనగపప్పు నింపిన ఫీడర్లు వేలాడుతుంటాయి. ఇప్పుడు దేశంలో సుమారు 12,000 జంటలు గూళ్లు పెడుతున్నాయి, ఉత్తరాన స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో కూడా ఉన్నాయి.

అపోహ: ఇక్కడి పక్షుల్ని తరిమేస్తున్నాయి. దీనికి ఎదురు అపోహ: పాపం, ఎవరికీ ఏ హానీ చేయవు.

రెండూ తప్పే. చిలక సొంతంగా తొర్ర తొలవదు, వడ్రంగి పిట్ట వదిలేసినదాన్ని కొరికి పెద్దది చేసుకుంటుంది. అదీ ఫిబ్రవరి, మార్చిలోనే, మిగతా పిట్టలు చాలావరకు ఇంకా గూటి సంగతి తలపెట్టకముందే. నట్‌హాచ్ అనే చిన్న పిట్టకి దీనివల్ల ఇబ్బందని బెల్జియంలో తేలింది, బ్రిటన్‌లో 2011లో లెక్కలు చూస్తే దాని సంఖ్య తగ్గిన జాడ గట్టిగా కనబడలేదు. రిచ్‌మండ్ పార్క్‌కి వెళ్లి చూడండి, వందల ఏళ్ల ఓక్ చెట్లు, ఒంటినిండా తొర్రలే. తొర్రలు తక్కువున్న చోట కథ వేరేలా ఉండొచ్చు. ఫీడర్ దగ్గర మాత్రం తేడా స్పష్టం. పంజరంలో ఒక చిలకని ఫీడర్ పక్కన పెట్టి చూశారు, చిన్న పిట్టలు రావడం తగ్గింది, వచ్చినవి కూడా తినడం తగ్గించి, ఎక్కువసేపు జాగ్రత్తగా చూస్తూ కూర్చున్నాయి.

పళ్లతోటల వాళ్ల బాధ నిజం. హౌన్స్‌లోలో మాకు తెలిసిన అక్క పెరట్లో ఆపిల్ చెట్టుంది. ఒక్కో కాయనీ ఒక్క కొరుకు కొరికి కింద పడేస్తాయి. "చిలక కొట్టిన కాయ తియ్యగా ఉంటుందని ఊళ్లో ఏరుకుని తినేదాన్ని తమ్ముడూ, ఇక్కడ కొట్టనిది ఒక్కటి చూపించు" అంటుందావిడ.

అపోహ: విదేశీ పక్షే కదా, కొట్టినా పట్టినా అడిగేవాళ్లు లేరు.

ఉన్నారు. బ్రిటన్ 1981 వన్యప్రాణి చట్టం దీనికీ వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లో పంటకి తీవ్ర నష్టం ఆపడం లాంటి కారణాలుంటే భూమి యజమానులు జనరల్ లైసెన్స్ (విడిగా దరఖాస్తు అక్కర్లేని ప్రభుత్వ అనుమతి) షరతుల ప్రకారం చంపొచ్చు, అంతే. పట్టుకున్నదాన్ని మళ్లీ బయట వదలడం కూడా నేరమే.

చివరిగా చిన్నది: మెడలో పట్టీ లేనివన్నీ ఆడవి అనుకుంటారు. మగవాటికి కూడా ఆ నలుపు, గులాబీ పట్టీ రావడానికి మూడేళ్లు పడుతుంది. అందుకే నా సర్వే షీట్‌లో ఆడ, మగ అని గడులే ఉండవు.