లైక్ ఉండనివ్వండి, లెక్క కనబడనివ్వకండి

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం చేరింది. బడిలో మీరంతా కలిసి ఆన్‌లైన్‌లో ఒక చర్చావేదిక పెట్టుకుంటున్నారని చదివి చాలా సంతోషం వేసింది. అందులో లైక్ బటన్ ఉండాలా వద్దా అన్న దగ్గర మాత్రం సగం మంది అటు, సగం మంది ఇటు అయ్యారని, పెద్దవాడిగా నన్ను తీర్పు చెప్పమని రాశారు. తీర్పు చెబుతాను కానీ, ఎందుకు అలా అనుకుంటున్నానో కూడా చెబుతాను. నచ్చకపోతే కొట్టిపారేయండి.

ముందు లైక్ కావాలన్న వాళ్ళ సంగతి చూద్దాం. వాళ్ళ మాటలో బలముంది. ఎవరైనా మంచి మాట రాస్తే కింద "నాదీ అదే మాట", "సూపర్", "నేనూ అంతే" అంటూ వరసపెట్టి రాసేస్తారు. అసలు విషయం చదవాలనుకున్నవాళ్ళు ఆ వరసంతా దాటుకుని పోవాలి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు కలిసి పనిచేసే గిట్‌హబ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఎవరో ఒక లోపం గురించి రాస్తే, మిగతావాళ్ళు కింద "+1" (అంటే "నాదీ అదే మాట") అని ఒక్క ముక్క పెట్టి పోయేవాళ్ళు. ఆ ముక్క పడినప్పుడల్లా ఆ చర్చను అనుసరించే వాళ్ళకు ఈమెయిలు. విసిగిపోయిన ప్రోగ్రామర్లు చాలామంది 2016 జనవరిలో ఆ సంస్థకు బహిరంగ లేఖ రాశారు. మార్చికల్లా బొటనవేలు, గుండె బొమ్మలు వచ్చేశాయి. "+1" లతో నిండిపోవడం తగ్గింది.

ఇంకో మంచి కూడా ఉంది. 2014లో జస్టిన్ చెంగ్, మరో ఇద్దరు పరిశోధకులు నాలుగు పెద్ద వెబ్‌సైట్లలో జనం రాసిన వ్యాఖ్యలను పరిశీలించారు. రాసింది బాగుందని గానీ బాగాలేదని గానీ ఎవరూ అనకపోతే, ఆ రాసినవాళ్ళే అందరికంటే ఎక్కువగా అక్కడినుంచి వెళ్ళిపోతున్నారని తేలింది. మీ తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకరోజు ధైర్యం చేసి నాలుగు వాక్యాలు రాసిందనుకోండి. దాని కింద ఏమీ లేకపోతే ఆ పిల్ల మళ్ళీ రాయదు. చదివామని తెలియజేయడానికి ఒక సులువైన దారి ఉండాల్సిందే.

మరి ఇబ్బంది ఎక్కడ? నా ఫోన్‌లో మిరప రైతుల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. ఆమధ్య ఒక అబ్బాయి చేలో ముడుచుకుపోయిన ఆకు ఫోటో పెట్టి, "ఏం కొట్టాలి అన్నా?" అని అడిగాడు. నిమిషం తిరక్కుండానే ఒకాయన ఫలానా మందు, ట్యాంకుకు ఇంత అని రాసేశాడు. దాని కింద బొటనవేళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చాలాసేపటికి ఒక పెద్దాయన రాశాడు: "ముడత పైకా, కిందికా? ఆకు తిప్పి, వెనక వైపు ఫోటో పెట్టు." ఆకు పైకి ముడుచుకుని దోనెలాగా ఉంటే అది తామర పురుగు. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలాగా ఉంటే అది నల్లి. తామర పురుగు మందుల్లో కొన్ని నల్లి మీద పనిచేయవు. అంటే ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాకుండా ఏ మందు చెప్పినా గుడ్డిగా చెప్పినట్టే. అంత అవసరమైన ప్రశ్నకు ఒక్క లైక్ కూడా రాలేదు.

రాదు కూడా. ప్రశ్నకు ఎవరు లైక్ కొడతారు? "నాకు అనుమానంగా ఉంది, ఇంకోసారి చూడండి" అన్న మాటకు ఎవరు కొడతారు? "నిన్న నేనన్నది తప్పు, మీరన్నదే సరి" అని ఒప్పుకున్నవాడికి ఎన్ని వస్తాయి? చర్చను ముందుకు నడిపేవి ఇవే. లైకులు మాత్రం గట్టిగా, తేల్చేసినట్టుగా, అందరికంటే ముందుగా చెప్పినవాడికే పోతాయి. పిల్లలు ఇది చాలా త్వరగా పసిగడతారు. నాలుగు రోజులు పోయాక అడగడం మానేసి, తేల్చేయడం మొదలుపెడతారు. నా దిగులంతా దీని గురించే.

పైగా పక్కన కనబడే లైకుల అంకె మన చూపును కూడా మార్చేస్తుంది. లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం 2013లో సైన్స్ పత్రికలో అచ్చయింది. ఒక వార్తల వెబ్‌సైట్‌లో ఐదు నెలలపాటు వచ్చిన లక్షకు పైగా వ్యాఖ్యలను తీసుకున్నారు. ఏది మంచిది, ఏది చెడ్డది అని చూడకుండా, చీటీలు తీసినట్టు కొన్నిటిని ఎంచి, వాటికి రాయగానే తామే ఒక్క అనుకూల ఓటు వేశారు. ఒక్కటే. దాన్ని మొదట చూసిన మనిషి తానూ అనుకూలంగా ఓటేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ వ్యాఖ్యల స్కోరు సగటున 25 శాతం ఎక్కువ తేలింది. రాజకీయాలు, సమాజం లాంటి విషయాల్లో ఈ పోకడ బాగా కనబడింది. ఆ వెబ్‌సైట్ చదివేవాళ్ళు తెలివి తక్కువ వాళ్ళేం కాదు. పక్కన అంకె కనబడితే మనం మాటను చదవకముందే దాని విలువ నిర్ణయించేసుకుంటాం, అంతే. మీరైనా, నేనైనా.

అందుకని నా మాట ఇది. లైక్ నొక్కడంలో తప్పులేదు, ఆ లెక్క అందరికీ కనబడటం, ఆ లెక్కను బట్టి మాటలు పైకీ కిందికీ జరగడం తప్పు. కంప్యూటర్ల వాళ్ళు చర్చించుకునే హ్యాకర్ న్యూస్ అనే వెబ్‌సైట్‌లో 2011 నుంచి ఒకరి వ్యాఖ్యకు వచ్చిన పాయింట్లు ఇంకొకరికి కనబడవు. రాసినవాళ్ళకు మాత్రమే తెలుస్తాయి. ఓటు మాత్రం అందరూ వేసుకోవచ్చు. మీరూ అలా పెట్టుకోండి. అయితే అక్కడ వరసను ఇంకా ఓట్లే నడుపుతాయి. మీరు అదీ తీసేసి, రాసిన క్రమంలోనే ఉంచండి. ఎవరు ఎవరికి జవాబిచ్చారో తెలియాలంటే అదే మంచి పద్ధతి.

తెలుగు వికీపీడియాలో రచ్చబండ అని ఒక పేజీ ఉంది, చూశారా? 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఉమ్మడి విషయాలు మాట్లాడుకునేది అక్కడ. ఒక్కో వ్యాసానికి విడిగా చర్చ పేజీ కూడా ఉంటుంది. అక్కడ లైకులు పోగేసి గెలవడానికి లేదు. ఒప్పుకుంటే ఎందుకు ఒప్పుకుంటున్నారో రాసి సంతకం పెట్టాలి. ఒప్పుకోకపోయినా అంతే. మరి మంచి పని చేసినవాళ్ళకు మెచ్చుకోలు? దానికి వికీపీడియాలో 2013లో ధన్యవాదాలు తెలిపే ఏర్పాటు వచ్చింది. నొక్కితే ఆ మనిషికి కబురు వెళుతుంది, వాళ్ళు రాసిన దాని పక్కన ఏ అంకె వేలాడదు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

లెక్క పనికొచ్చే చోటు కూడా ఒకటుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో అని 2008లో మొదలైన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్‌లో ఓట్లు ఎక్కువొచ్చిన జవాబు పైకి వస్తుంది. అక్కడ జవాబుగా ఇచ్చిన ప్రోగ్రామును నడిపి, సరిగ్గా ఉందో లేదో చూసుకోవచ్చు. పైగా అడిగినవాడు తనకు పనికొచ్చిన దానికి టిక్కు పెడతాడు. మీ వేదికలో లెక్కల సందేహాలకు విడిగా ఒక భాగం పెట్టుకుంటే అక్కడ ఓట్లు ఉండనివ్వండి. "మధ్యాహ్న భోజనంలో ఏం మార్చాలి", "సెల్‌ఫోన్ బడికి తేవచ్చా" లాంటి వాటిలో మాత్రం వద్దు.

డిస్‌లైక్ కూడా పెడదామని మీలో ఒకరు రాశారు. దానికి నేను ఒప్పుకోను. ఇందాక చెప్పిన 2014 పరిశీలనలోనే, వ్యతిరేక ఓట్లు పడినవాళ్ళు తగ్గకపోగా ఇంకా ఎక్కువ రాశారనీ, ఇంకా నాసిగా రాశారనీ, ఇతరులకు కూడా వ్యతిరేక ఓట్లు వేయడం పెంచారనీ తేలింది. యూట్యూబ్ కూడా 2021 నవంబరులో డిస్‌లైకుల లెక్కను జనానికి కనబడకుండా చేసింది. ఒకరి మాట తప్పనిపిస్తే ఏది తప్పో ఒక్క వాక్యం రాయండి.

మొదటి నెల ఇలా నడిపి చూడండి. లైక్ ఉంటుంది, రాసినవాళ్ళకే కనబడుతుంది. వరస మారదు. వారానికి ఒకసారి మీలో ఒకరు వంతులవారీగా కూర్చుని, జవాబు రాకుండా మిగిలిపోయిన ప్రశ్నలన్నీ ఏరి పైన పెట్టండి. ఆ పని ఏ బటనూ చేయదు కాబట్టి దాన్ని మాత్రం మానకండి. మీ సారుకు ఈ ఉత్తరం చూపించి, ఆయన ఏమంటారో నాకు రాయండి. లెక్క దాచడం మీ వెబ్‌సైట్‌లో కుదరకపోతే, ఈ సంవత్సరానికి బటన్ లేకుండానే మొదలుపెట్టండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య