క్రైమ్ కథల మీద అపోహలు: నెల్లూరు లైబ్రరీలో అడిగిన ప్రశ్నలు, నా జవాబులు

గ్రంథాలయ వారోత్సవాల్లో క్రైమ్ కథలు రాసే మాలాంటి కొందరిని నెల్లూరు లైబ్రరీకి పిలిచి మాట్లాడమన్నారు. పాఠకులు అడిగినవాటిలో చాలా ప్రశ్నలు సినిమాల నుంచి వచ్చినవే. అక్కడ టైం చాలక సగంలో వదిలేసిన జవాబులు ఇవి.

అపోహ: స్టేషన్లో నాలుగు తగిలిస్తే నేరం ఒప్పుకుంటాడు, కథ అయిపోతుంది.

కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఇక్కడే శుభం కార్డు వేసేస్తారు. అసలు చిక్కు మొదలయ్యేదే ఇక్కడ. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది కోర్టులో రుజువుగా చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో ఇది 25వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23. పోలీసు కస్టడీలో ఉన్నవాడి ఒప్పుకోలు చెల్లాలంటే మేజిస్ట్రేటు ముందు చెప్పాలి. చెప్పి తీరాలని లేదని, చెబితే నీ మీదే వాడొచ్చని హెచ్చరించాకే ఆయన రాసుకుంటారు.

ఒక్క సందు మాత్రం ఉంది. నిందితుడి మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దాన్ని బయటపెట్టినంత మాట వరకు చెల్లుతుంది. "పొడిచేసి కత్తిని పెన్నా ఇసకలో పూడ్చిపెట్టా" అన్నాడనుకోండి. పొడిచానన్నది ఎగిరిపోతుంది, పూడ్చిన చోటు చెప్పడం నిలబడుతుంది. మరి అది అందరూ తిరిగే చోటైతే? కత్తి అక్కడుందని పోలీసులకు ముందే తెలుసని డిఫెన్సు లాయరు వాదిస్తే? వస్తువు దొరికినప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామా మీద సంతకం పెట్టిన వీఆర్వో బోనెక్కి "సంతకం ఆఫీసులోనే పెట్టించుకున్నారు" అని అడ్డం తిరిగితే? ఇప్పుడు సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని నేర విచారణ పద్ధతి గురించిన ఇంకో కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటోంది. ఆ వీడియోలో ఎవరి కాళ్లు కనిపించాయన్నది ఇంకో మెలిక. నా మటుకు నాకు కత్తిపోటు కంటే ఈ పంచనామాలోనే ఎక్కువ సస్పెన్స్ ఉంది.

అపోహ: హత్య అంటే ఐపీసీ 302వ సెక్షన్.

2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకు, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్. మీ కథలో హత్య 2019లో జరిగి ఉంటే 302 అన్నదే కరెక్టు, విచారణ ఇప్పుడు జరుగుతున్నా సరే.

అపోహ: పోస్టుమార్టం చేస్తే చనిపోయిన టైం నిమిషాలతో సహా తెలుస్తుంది.

తెలియదు. డాక్టరు "సుమారు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల ముందు" అని రాస్తారు, అంతే. శవం కొయ్యబారడం మన ఎండలకు త్వరగా మొదలై త్వరగానే వదిలేస్తుంది. చలిలో అదే నెమ్మదిస్తుంది. మే నెల రోహిణి కార్తెలో కావలి రేకుల షెడ్డులో పడున్న శవానికీ, రొయ్యల ప్లాంటు ఐసు మధ్య పెట్టిన శవానికీ లెక్క ఒకటి కాదు. హంతకుడికి ఈ తేడా తెలిసుంటే, ఆ టైంలో వేరే చోట ఉన్నానని చెప్పుకునే అలిబీ వాడి చేతిలో ఉన్నట్టే. డాక్టరు ఖచ్చితమైన టైం చెప్పేస్తే ఆ కథ చచ్చిపోతుంది.

క్లోరోఫామ్ కర్చీఫు సంగతీ అడిగారు. క్షణంలో ఎవరూ పడిపోరు, నిమిషాలు పడుతుంది, మోతాదు మించితే ప్రాణమే పోతుంది. దయచేసి ఇక వదిలేయండి.

అపోహ: క్రైమ్ కథకు హైదరాబాదో వైజాగో కావాలి, మన ఊళ్లలో ఏముంది?

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతుంటాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కరెంటు పోతే కాపలా మనిషి వెంటనే జనరేటర్ వేయాలి, లేదంటే రొయ్యలు తేలిపోతాయి, ఓనరు నెత్తీనోరూ కొట్టుకుంటాడు. మరి ఒక రాత్రి అన్ని గుంటల దగ్గరా జనరేటర్లు మోగి, ఒక్క గుంట దగ్గర మాత్రం ఆలస్యంగా మోగిందంటే ఆ కాసేపు కాపలా మనిషి ఎక్కడున్నాడు? రోజూ ఆ చప్పుడు మధ్యే నిద్రపోయే పక్క గుంట వాడికి అది తెలియకుండా ఉంటుందా? చీమకుర్తిలో గ్రానైటు లారీ కాటా చీటీ మీద బండి నంబరు, టైము ఉంటాయి. అద్దంకి దాటలేదని చెప్పిన డ్రైవరు ఆ చీటీ దగ్గర దొరికిపోతాడు. సీసీ కెమెరా కంటే ఇలాంటి ఆధారమే నాకిష్టం, చదివేవాడు పోలీసుకంటే ముందే పట్టుకోగలడు కాబట్టి.

హంతకుడెవరో చివరిదాకా దాచాలా అన్న దానిమీద మాలో మాకే పడలేదు. మొదటి పేజీలోనే చెప్పేసి ఎలా దొరికాడో చూపించే కథలూ ఉన్నాయి. దాస్తే మాత్రం ఆధారం ముందే పాఠకుడి కంట పడి ఉండాలి. చివర్లో ఊడిపడే కవల తమ్ముణ్ణి నేనైతే ఒప్పుకోను.

అపోహ: పోలీసు శాఖలో తెలిసినవాళ్లు లేకపోతే ఇవన్నీ తెలియవు.

లైబ్రరీలో పాత పేపర్ల జిల్లా ఎడిషన్లు ఉంటే తిరగేయండి. తర్వాత జిల్లా కోర్టుకు వెళ్లండి. అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాల (పోక్సో) లాంటి కేసులు తప్ప మామూలుగా విచారణ ఎవరైనా వినొచ్చు. ఫోను ఆపేసి వెనక బెంచీలో కూర్చుని, పంచనామా సాక్షిని డిఫెన్సు లాయరు ఎలా తిప్పుతారో వినండి. మే నెలలో వేసవి సెలవులుంటాయి, అవి దాటాక వెళ్లండి.