జూలో జంతువుల్ని హింసిస్తున్నది ఎవరు? అపోహలు - వాస్తవాలు

సెలవులు మొదలైతే చాలు, నా ఫోన్‌కి రెండు రకాల వీడియోలు వస్తాయి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న జింక ఒకటి. ఎన్‌క్లోజర్‌లో అటూ ఇటూ తిరుగుతున్న పులి ఇంకొకటి. కింద ఎప్పుడూ ఒకటే రాత: "జూలో మూగజీవాలకు నరకం, పది మందికి పంపండి." అది తిరుపతిదో, ఉత్తరాదిదో, అసలు మన దేశానిదో కాదో ఎవరికీ పట్టదు. పంపేస్తే పుణ్యం వచ్చేసినట్టే.

నేను పశువైద్యుణ్ణి. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని, చిత్తూరు పల్లెల్లో ఆవులు, గొర్రెలతో మొదలుపెట్టి, తర్వాత జూ జంతువుల వైద్యంలోకి వచ్చాను. జూలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పడానికి ఇది రాయట్లేదు. జంతువుల్ని నానా అవస్థలు పెట్టే జూలు ఉన్నాయి, వాటి గురించీ చెబుతాను. కానీ నా టేబుల్ మీదకు వచ్చిన చావుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టినవి జాలిగుండె ఉన్నవాళ్ల వల్ల జరిగినవే. కాబట్టి ముందు ఆ సంగతి.

అపోహ: "పాపం, ఆకలిగా చూస్తోంది. చేతిలో ఉన్నది కాస్త పెడితే పుణ్యమే కదా!"

తిరుపతిలో ఈ మాట ఎక్కువ వినిపించడానికి కారణం ఉంది. మన శ్రీ వేంకటేశ్వర జూ పార్క్ శేషాచలం కొండల కిందే ఉంది. 1987లో మొదలైంది, విస్తీర్ణం 5,500 ఎకరాల పైమాటే. దర్శనం అయిపోయి, రైలుకి ఇంకా టైం ఉంటే పిల్లల్ని తీసుకుని జూకి వస్తారు. చేతిలో లడ్డూల సంచి, చిప్స్, అరటిపళ్లు ఉంటాయి. కొండకు వచ్చినవాడు ఎవరికైనా ఇంత పెట్టి పోవాలనుకోవడం మన దగ్గర సహజం. ఆ మనసుని నేను తప్పు పట్టను.

జింక కంచె దగ్గరికి వచ్చి ముక్కు చాపుతుంది నిజమే. అది ఆకలి కాదు, అలవాటు. పచ్చిగడ్డి, దాణా తిని వచ్చే ఆ పని చేస్తుంది. మనిషి కనిపిస్తే ఉప్పగానో తియ్యగానో ఏదో దొరుకుతుందని నేర్చుకుంది. ఇంట్లో కడుపునిండా తిన్న పిల్లాడు ఐస్‌క్రీం బండి గంట వినగానే వీధిలోకి పరిగెత్తడా? అంతే.

ఇక ఆ పెట్టినది లోపలికి పోయాక ఏమవుతుందో చూడండి. నెమరువేసే జంతువు రూమెన్‌లో, అంటే పొట్టలోని మొదటి పెద్ద సంచిలో, గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. అక్కడ పీహెచ్ (పులుపు కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండాలి. లడ్డూ, బ్రెడ్, అన్నం లాంటివి ఎక్కువగా పడితే గంటల్లో పులిసి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, పీహెచ్ 5 కిందికి జారిపోతుంది. ఉండాల్సిన సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఒంట్లో నీరంతా పొట్ట లాగేసుకుంటుంది. జంతువు తూలుతుంది, తర్వాత లేవలేదు. మా వైపు రైతుల్ని అడగండి. పెళ్లి మర్నాడు విస్తళ్ల దగ్గర అన్నం తిని పడిపోయిన ఆవుని చూడని ఊరు ఉండదు. ఒక్క లడ్డూతో జింక చావదని మీరనొచ్చు. నిజమే, చావదు. కానీ ఆదివారం కంచె ముందు నిలబడిన ప్రతి కుటుంబమూ "మేం పెట్టింది ఒక్కటేగా" అనుకుంటే?

తిండి కంటే దాన్ని చుట్టిన కవర్ ఇంకా ప్రమాదం. ఒకసారి ఒక కణితి జింకకి (సాంబార్) పోస్టుమార్టం చేశాం. బతికున్నప్పుడు ఎముకల గూడులా ఉండేది, పొట్ట మాత్రం నిండుగా కనిపించేది. రూమెన్ కోయగానే చేతికి బస్తా మూట తగిలినట్టు తగిలింది. కవర్లు తాడులా మెలితిరిగి, వాటి మధ్య గడ్డి పీచు, ఇసుక బిగుసుకుపోయి, మొత్తం ఒకే ముద్ద. బకెట్ నీళ్లలో వేసి విడదీశాం. చిప్స్ ప్యాకెట్లు, పాల కవర్ మూలలు, ఆడపిల్లల రబ్బరు బ్యాండ్లు, పూలదండ దారం. ఒక ప్యాకెట్ మీద తయారీ తేదీ చెరగకుండా అలాగే ఉంది. రెండేళ్ల కిందటిది. అంటే ఆ కవర్ తిన్నాక ఆ జంతువు రెండేళ్లు దాన్ని మోసుకుని తిరిగి ఉండొచ్చు.

కవర్ కిందికి దిగదు, పైకి రాదు. రూమెన్ నిండుగా ఉంది కాబట్టి జంతువుకి ఆకలి అనిపించదు. మేత ముందున్నా తినదు. చిక్కిపోతుంది. అప్పుడు ఎవరో ఫోన్ తీసి, "చూడండి, తిండి పెట్టకుండా చంపుతున్నారు" అని వీడియో పెడతారు. ఆ చిక్కిపోవడానికి కారణం ఎవరో నిరుడు విసిరిన కవర్ అయి ఉండొచ్చని వాళ్లకి తట్టదు.

"ఆపరేషన్ చేసి తీసేయొచ్చు కదా డాక్టర్ గారూ" అంటారు. ఆవుకైతే చేస్తాం. డొక్కకి మత్తు సూది ఇచ్చి, నిలబెట్టే, రూమెన్ కోసి కవర్లు బయటికి తీస్తాం. జింక సంగతి వేరు. దాన్ని పట్టుకోవడమే గండం. బెదిరి పరిగెత్తితే ఒంట్లో వేడి పెరిగిపోతుంది, కండరాలు దెబ్బతింటాయి, ఆ దెబ్బకి కిడ్నీలు పోతాయి. పట్టుకున్న రోజు బాగానే ఉండి, రెండు మూడు రోజుల తర్వాత చచ్చిపోయిన జింకలు ఉన్నాయి. క్యాప్చర్ మయోపతీ అంటారు దీన్ని. అందుకే జింక పొట్టలో కవర్ ఉందని అనుమానం వచ్చినా చాలాసార్లు చేతులు కట్టుకుని చూడాల్సి వస్తుంది.

(ఇంకో మాట. మట్టిలో కలిసిపోయే కవర్లు వచ్చాయి కదా, వాటితో ఇబ్బంది లేదు కదా అని కొందరంటారు. అవి కలిసేది మట్టిలో. జింక పొట్టలో కాదు.)

ఆమధ్య ఒక రాత్రి పదకొండింటికి ఒకావిడ ఫోన్ చేసింది. ఎవరో తెలిసినవాళ్లు నా నంబర్ ఇచ్చారట. "సార్, మా పాప చిప్స్ ప్యాకెట్ జింకల్లోకి పడేసింది. ఒకటి నోట కరుచుకుని పోయింది. అది చచ్చిపోతుందా సార్? పాప ఏడుస్తా ఉంది." గొంతులో అంత టెన్షన్. ఒక్క ప్యాకెట్‌తో చావదమ్మా, చాలాసార్లు నమిలి వదిలేస్తాయి కూడా అని ధైర్యం చెప్పాను. కానీ ఆ మాట పొద్దున అక్కడే కీపర్‌తో చెప్పి ఉంటే ఐదు నిమిషాల్లో వెతికి తీసేవాళ్లు. తిడతారేమో, ఫైన్ వేస్తారేమో అని భయపడిందట. మీకూ ఇలా జరిగితే ఏ ఎన్‌క్లోజర్, ఏ వస్తువు, ఎంతసేపైంది, ఈ మూడూ వెంటనే చెప్పండి. దాచడం వల్లే నష్టం.

అందరూ ఆవిడలా ఉండరు లెండి. ఒక పెద్దావిడ కీపర్ మీదికి లేవడం నా కళ్లారా చూశాను. "నోరులేని దానికి ఇంత పెడితే నీ సొమ్మేం పోయింది నాయనా?" అని. ఆ కీపర్ ఓపికమంతుడు. "అవ్వా, దానికి పొద్దునే పెట్టినాము. నువ్వు ఆ పండు నాకియ్యి, నేను తింటా, నీకు పుణ్యం వస్తాది" అన్నాడు. ఆవిడ నవ్వి నిజంగానే ఇచ్చేసింది.

కోతులకి సగం కొరికిన మొక్కజొన్న పొత్తు విసిరేవాళ్లకి ఒక ముక్క. మనింట్లో ఒకరి ఎంగిలి ఇంకొకరం తినం, దానికెలా పెడతారు? మన జలుబు, మన టీబీ కోతులకీ అంటుకుంటాయి. 2021 మే నెలలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకి కోవిడ్ వచ్చిన సంగతి గుర్తుంది కదా. జూ దాటని జంతువులకి అది ఎక్కడి నుంచి వస్తుంది? మనుషుల నుంచే.

అపోహ: "వారానికోసారి సింహాలని పస్తు పెట్టి మాంసం డబ్బులు మిగుల్చుకుంటారు."

పస్తు నిజం. కారణం అబద్ధం. పెద్ద పిల్లులు అడవిలో రోజూ వేటాడవు. ఇక్కడ కష్టపడకుండా రోజుకి ఎనిమిది, పది కిలోల మాంసం దొరికితే కొవ్వు పట్టి కీళ్లు పోతాయి. ఒక రోజు ఖాళీ కడుపు దాని ఆరోగ్యం కోసమే.

అపోహ: "మత్తుమందు ఇచ్చి పడుకోబెడతారు, అందుకే సింహం లేవదు."

సింహం రోజులో 18 నుంచి 20 గంటలు పడుకునే జంతువు. మత్తు ఇవ్వడమంటే మాకే గుండె దడ. ఊపిరి ఆగిపోవచ్చు, వాంతి గొంతులోకి పోవచ్చు. రోజూ ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు. మీరు గోడ మీద కొట్టినా, ఈల వేసినా అది లేవకపోతే మీరంటే లెక్కలేదని అర్థం. లెక్క చేసేలా చూద్దామని దూకితే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో మన తిరుపతి జూలోనే చూశాం. సింహం ఎన్‌క్లోజర్‌లోకి దిగిన మనిషి ప్రాణాలతో బయటికి రాలేదు. "ఆకలితో ఉంచారు, అందుకే చంపింది" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. తన చోట్లోకి మనిషి దూకితే కడుపు నిండిన సింహం కూడా ఊరుకోదు.

అపోహ: "పులి అటూ ఇటూ తిరుగుతోందంటే హుషారుగా ఉన్నట్టు. ఏనుగు తల ఊపుతోందంటే డాన్స్."

ఈ ఒక్కచోట వీడియోలు తీసేవాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. ఏనుగు గంటల తరబడి ఒకే చోట నిలబడి ఊగడం డాన్స్ కాదు. అది మనోవ్యధ. గొలుసుతో కట్టేసి, తోడు లేకుండా ఉంచిన ఏనుగు చేసే పని అది. జూలలో ఏనుగులకి సరిపడా చోటు లేదని గుర్తించి, జూలని పర్యవేక్షించే సెంట్రల్ జూ అథారిటీ వాటిని క్యాంపులకి తరలించమని 2009లో చెప్పింది.

పులి విషయంలో కాస్త ఆగి చూడాలి. సాయంత్రం మేత వేళకి నైట్ హౌస్ (రాత్రి ఉంచే గది) తలుపు దగ్గర తిరుగుతుంటే అది కీపర్ కోసం ఎదురుచూపు. కంగారు పడక్కర్లేదు. అలా కాకుండా మధ్యాహ్నం కూడా అదే దారిలో, అదే మూల దగ్గర, అదే కాలు తిప్పి వెనక్కి వస్తుంటే అది వేరు. కింద నేల చూడండి. అడుగులు పడీ పడీ గడ్డి మొలవని చార కనిపిస్తుంది. ముక్కు కంచెకి రాసుకుని పుండు పడి ఉండొచ్చు, తోక కొరుక్కుని ఉండొచ్చు. ఎక్కడానికి మొద్దు లేదు, దాక్కోవడానికి పొద లేదు, వట్టి సిమెంటు గచ్చు. ఇది నిజమైన హింస. కొట్టక్కర్లేదు, తిండి మానక్కర్లేదు. దాన్ని చూస్తే నాకూ నిద్ర పట్టదు.

ఒక ముసలి సర్కస్ సింహం గుర్తుకొస్తోంది. 1998లో సర్కస్‌లలో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతుల ఆటలు నిషేధించారు. అలా విడిపించినవాటి కోసం పెట్టిన రెస్క్యూ సెంటర్లలో మన తిరుపతిదీ ఒకటి. ఆ సింహాన్ని విశాలమైన చోట్లోకి వదిలాక కూడా నాలుగడుగులు వేసి, అక్కడేదో గోడ ఉన్నట్టు వెనక్కి తిరిగేది. మళ్లీ నాలుగడుగులు. అడ్డమేమీ లేదు, ఎదురుగా అంతా ఖాళీ. చిన్నప్పటి నుంచి ఉన్న బోను పొడవు ఎంతో అంతే నడిచేది. బయటి నుంచి చూసినవాడు ఆ తిరగడం ఈ చోటు వల్లేనని రాస్తాడు. అది ఎక్కడ నేర్చుకుందో దాని ఫైలు చూస్తే గానీ తెలీదు.

మరి అనుమానం వస్తే ఏం చేయాలి? ఎన్‌క్లోజర్ బోర్డు కనిపించేలా ఫొటో తీయండి, తేదీ, టైం రాసుకోండి. అదే దారిలో ఎంతసేపు తిరిగిందో చూడండి. జూ చూసుకునే అధికారి క్యూరేటర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. జవాబు రాకపోతే ఢిల్లీలోని సెంట్రల్ జూ అథారిటీకి పంపండి. 1992లో ఏర్పడిన సంస్థ అది, దాని గుర్తింపు లేకుండా దేశంలో ఏ జూ నడవకూడదు. ఫార్వర్డ్ వీడియో కంటే ఆ ఒక్క కాగితానికి విలువ ఎక్కువ.

అపోహ: "అన్నింటినీ అడవిలో వదిలేస్తే సరిపోతుంది కదా."

ఎక్కడ? శేషాచలంలో సింహాలు లేవు, వాటి అడవి గుజరాత్‌లోని గిర్. సర్కస్ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతులు కలిసిన సంకరాలు కాబట్టి గిర్‌కీ పంపలేం. వేట రాదు, మనిషంటే భయం లేదు. అలాంటిదాన్ని వదిలితే మొదట ఊళ్లోకే వస్తుంది. 2023లో అలిపిరి నడకదారిలో చిన్నారి ప్రాణం పోయాక చిరుతల్ని పట్టి జూకి తెస్తే, "పాపం బోనులో పెట్టారు" అని ఒకరు, "కాల్చేయండి" అని ఇంకొకరు. ఇద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు.

అపోహ: "రాళ్లు వేస్తేనే మొసలి బతికుందో లేదో తెలిసేది."

బతికే ఉంటుంది. నోరు తెరుచుకుని పడుకుందంటే చనిపోయినట్టు కాదు, వేడి తగ్గించుకుంటోంది. రాళ్లే కాదు, కోనేట్లో వేసినట్టు చిల్లర కూడా వేస్తారు. ఆ నాణేలు మింగితే పొట్టలోనే ఉండిపోయి పుండ్లు చేస్తాయి. రాయి వేయడం, ఆటపట్టించడం, తిండి పెట్టడం, అరిచి బెదరగొట్టడం, చెత్త వేయడం, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ కింద నేరాలే. ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. మొసలి కదిలేది చూడాలనుంటే ఎండలో కాస్త ఓపిక పట్టి నిలబడండి. ఒంటికి వేడి చాలనిపించగానే అదే లేచి నీళ్లలోకి దిగుతుంది.