నల్ల కారు మీద సాలెగూడు గీతలు: ఇంట్లో పాలిష్ పట్టే ముందు అపోహలు - వాస్తవాలు

నీడలో ఉన్నంతసేపు నల్ల కారు కొత్తదానిలాగే ఉంటుంది. ఎండలోకి తీసి బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చూడండి, దాని చుట్టూ సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు బయటపడతాయి. ఇవే స్విర్ల్ మార్కులు. వీటిని పోగొట్టడానికి వినిపించే సలహాల్లో చాలావరకు పనికిరావు. కొన్నయితే అసలుకే ఎసరు పెడతాయి.

ముందు ఒక లెక్క. ఈనాటి కార్ల మీద పెయింటు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో అన్నిటికంటే పైనుండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, సుమారు 35 నుంచి 50 మైక్రాన్లే. స్విర్ల్ మార్కులు ఆ పొరలోనే, అదీ పైపైన ఉంటాయి. పాలిష్ గీతను పూడ్చదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో అంతవరకు చుట్టూ ఉన్న పొరను అరగదీసి చదును చేస్తుంది. అరిగిన పొర మళ్లీ రాదు. అందుకే ఎంత తక్కువ తీసి పని కానిచ్చామన్నదే ఇందులో నేర్పు.

అపోహ: గుండ్రంగా తుడవడం వల్లే గుండ్రటి గీతలు పడతాయి.

గీతలు నిజానికి అన్ని దిక్కులా ఉంటాయి. ఒక చోటు నుంచి వెలుగు పడినప్పుడు దానికి అడ్డంగా ఉన్న గీతలే మెరుస్తాయి కాబట్టి కంటికి వలయంలా కనిపిస్తాయి. టార్చి పక్కకు జరిపి చూడండి, వలయం కూడా దానితోపాటే జరుగుతుంది. గుడ్డలో ఇసుక రేణువు ఇరుక్కుంటే తిన్నగా తుడిచినా గీత పడుతుంది, కాకపోతే తిన్నగా పడుతుంది.

దీన్నిబట్టి తెలిసే ఇంకో సంగతి ఏమిటంటే, ట్యూబులైటు కింద పని చేస్తే గీతలు కనపడవు. వెలుగు నలువైపుల నుంచీ పరుచుకుని గీతల్ని కప్పేస్తుంది. గదిలో దీపాలన్నీ ఆర్పి, ఒక్క ఎల్‌ఈడీ టార్చినే వేర్వేరు కోణాల్లో పట్టి చూడాలి.

అపోహ: నల్ల పెయింటు మెత్తన, అందుకే తొందరగా గీతలు పడతాయి.

రంగు కింది పొరలో ఉంటుంది. గీతలు పడేది పైనున్న క్లియర్ కోట్‌కు. అది ఎంత గట్టిగా ఉంటుందన్నది తయారీదారు వాడిన రసాయనాన్ని బట్టి ఉంటుంది కానీ రంగును బట్టి కాదు. అదే గీత తెల్ల కారు మీదా ఉంటుంది. గీత చెదరగొట్టిన వెలుగు తెలుపులో కలిసిపోతుంది, నలుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అంతే తేడా. కాబట్టి నల్ల కారుకు ఎక్కువ అరగదీత అక్కర్లేదు. చివరి మెరుగుకే ఎక్కువ ఓపిక కావాలి.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని పాత కార్లకు క్లియర్ కోట్ ఉండదు, రంగు పొరే పై పొర. కంటికి ఆనని చోట తెల్ల గుడ్డతో కాస్త పాలిష్ రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే మీది అలాంటి పెయింటు. దాని మీద ప్యాడ్, అంటే పాలిష్ మెషీన్‌కు బిగించే మెత్తని బిళ్ల, నల్లబడటం మామూలే. క్లియర్ కోట్ ఉన్న కారు మీద ప్యాడ్ నల్లబడిందంటే మాత్రం మెషీన్ వెంటనే ఆపేయాలి, రంగు పొర దాకా వెళ్లిపోయినట్టే.

అపోహ: వ్యాక్స్, టూత్‌పేస్ట్ రుద్దితే గీతలు పోతాయి.

వ్యాక్స్ గీతల్లో నిండి వాటిని దాచిపెడుతుంది. నాలుగు వాష్‌లయ్యాక మళ్లీ మొదటికొస్తాయి. గ్లేజ్ అని అమ్మేవీ అంతే. టూత్‌పేస్ట్‌లో రాపిడి రేణువులు ఉన్న మాట నిజమే కానీ అవి పెయింటు కోసం తయారైనవి కావు. ఒక గీత పోయినట్టే పోయి, నల్ల రంగు మీద దాని చుట్టూ అరచేయంత మసక మిగులుతుంది.

అసలు కాంపౌండ్‌లలోనూ (అంటే ఎక్కువ అరగదీసే గరుకు పాలిష్‌లలోనూ) నూనెలుంటాయి, అవీ గీతల్ని తాత్కాలికంగా కప్పుతాయి. గీత నిజంగా పోయిందో దాక్కుందో తెలియాలంటే పాలిష్ చేసిన చోట ప్యానెల్ వైప్ (నూనెలను తుడిచేసే ద్రవం) గానీ, నీళ్లలో 10 నుంచి 15 శాతం కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ చల్లి, శుభ్రమైన మైక్రోఫైబర్ టవల్‌తో తుడిచి, అప్పుడు టార్చి పట్టి చూడాలి. ఆల్కహాల్‌ను నీళ్లు కలపకుండా వాడొద్దు. అది పెయింటును మెత్తబరచగలదు, పైగా గుడ్డ జారక కొత్త గీతలు పడతాయి.

అపోహ: బాగా కడిగితే చాలు, నేరుగా పాలిష్ మొదలెట్టొచ్చు.

కడిగిన కారు మీద పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కున్న చేతితో నిమరండి. గరగరలాడితే పెయింటులో ఇనుప రజను, తారు దిగబడి ఉన్నట్టు. వీటి మీద ప్యాడ్ తిప్పితే అవి ఊడి, ప్యాడ్ కిందే తిరుగుతూ గీతలు పెడతాయి. చల్లగా ఉన్న ప్యానెల్ మీద ఐరన్ రిమూవర్ కొట్టి, 3 నుంచి 5 నిమిషాల్లో ఊదారంగు తిరిగాక, ఆరనివ్వకుండా కడిగేయాలి. తారుకు టార్ రిమూవర్ వేరే ఉంటుంది. తర్వాత క్లే బార్‌ను, అంటే దిగబడిన మురికిని ఊడదీసే బంకమట్టిలాంటి ముద్దను, లూబ్రికెంట్ (జారుడు ద్రవం) ధారాళంగా చల్లి, ఒత్తకుండా జరపాలి. మురికి కనిపించగానే మడిచి కొత్త ముఖం తీయాలి. నేల మీద పడిన క్లేను పారేయాల్సిందే. నల్ల పెయింటు మీద క్లే కూడా సన్నని గీతలు వదులుతుంది, కాబట్టి పాలిష్ చేసే ఉద్దేశం లేకపోతే క్లే జోలికి వెళ్లకండి.

ఆరాక రబ్బరు బీడింగులకు, గరుకు నల్ల ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేపు వేయండి. వాటి మీద పాలిష్ ఎండితే పట్టే తెల్ల మరక ఒక పట్టాన వదలదు. డోర్ అంచులకు, బానెట్ మీది పదునైన మడతలకు కూడా టేపు వేయాలి, అక్కడ క్లియర్ కోట్ పల్చగా ఉంటుంది.

అపోహ: మెషీన్ ప్రమాదం, చేత్తో రుద్దితే క్షేమం.

చేత్తో ఒకటి రెండు గీతల్ని తగ్గించొచ్చు. బానెట్ అంతటా ఒకే ఒత్తిడి, ఒకే వేగం చేతికి సాధ్యం కాదు. అక్కడొక తీరు ఇక్కడొక తీరుగా వస్తుంది, నలుపు దాన్ని దాచదు. మెషీన్లలో తేడా తెలిస్తే భయం ఉండదు. రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది, వేడి త్వరగా పుడుతుంది, కొత్త చేతిలో అంచుల దగ్గర పెయింటు లేచిపోతుంది. నల్ల కార్ల మీద కనిపించే అలల్లాంటి హోలోగ్రామ్ చారలు ఎక్కువగా దాని పుణ్యమే. డ్యూయల్ యాక్షన్, అంటే డీఏ మెషీన్‌లో ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది. ఎక్కువ ఒత్తితే తిరగడం మానేస్తుంది కాబట్టి కొత్తవారికి ఇదే తగినది. డ్రిల్లుకు ప్యాడ్ బిగించి వాడటం రోటరీ కంటే అధ్వానం, దానికి సరైన పట్టూ ఉండదు, వేగం మీద అదుపూ ఉండదు.

అపోహ: గట్టి కాంపౌండ్, గట్టి ఒత్తిడి, పెద్ద వేగం ఉంటే పని త్వరగా తెములుతుంది.

ఇంట్లో చేసే పని చెడేది ఎక్కువగా ఇక్కడే. సరైన పద్ధతి తిరగేసి ఉంటుంది. అన్నిటికన్నా తేలికైన జోడీతో, అంటే ఫినిషింగ్ పాలిష్, మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, బానెట్ మీద 45 సెం.మీ. పొడవు, అంతే వెడల్పున్న ఒక చోట ప్రయత్నించండి. తుడిచి టార్చి పెట్టి చూడండి. గీతలు సగం కూడా పోకపోతే ప్యాడ్‌ను ఒక మెట్టు గట్టిది చేయండి. అప్పటికీ లొంగకపోతేనే కాంపౌండ్. ఏ జోడీ పనిచేసిందో తేలాకే మిగతా కారు. పరీక్షకు పట్టే అరగంటను దండగ అనుకునేవారే తర్వాత రెండు రోజులు సరిదిద్దుకుంటూ కూర్చుంటారు.

కొత్త ప్యాడ్‌కు మొదటిసారి పాలిష్‌ను ముఖమంతా పల్చగా పట్టించాలి. ఆ తర్వాత ప్రతి భాగానికీ శనగగింజంత బొట్లు మూడు నాలుగు చాలు. ఎక్కువైతే ప్యాడ్ జారుతుంది తప్ప కోయదు, అంటే పొరను అరగదీయదు. ప్యాడ్‌ను పెయింటుకు ఆనించాకే స్విచ్ వేయాలి, ఆగాకే ఎత్తాలి. లేకపోతే గోడలకూ పాలిషే. 1వ వేగంలో పరచి, 6 వేగాలున్న మెషీన్‌లో 4కి లేదా 5కి పెంచండి. చేతిని సెకనుకు 3 నుంచి 5 సెం.మీ. చొప్పున జరుపుతూ, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేలా వెళ్లాలి. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, మొత్తం 4 నుంచి 6 సార్లు. బానెట్ ఒక్కదానికే గంట దాటినా కంగారు పడొద్దు.

మెషీన్ బరువుకు కాస్త చేతి బరువు తోడైతే చాలు. బ్యాకింగ్ ప్లేట్ (మెషీన్‌కు ప్యాడ్ అంటుకునే పళ్లెం) పక్కన మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. అది తిరుగుతూ కనిపిస్తున్నంతసేపు ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టు. ఆగిందంటే ఊగడమే మిగిలింది, కోత లేదు. ప్రతి భాగం అయ్యాక ప్యాడ్‌ను నైలాన్ బ్రష్‌తో దులపాలి, అరిగిన పెయింటు, ఎండిన పాలిష్ అందులో గడ్డకట్టి ఉంటాయి. రెండు మూడు ప్యానెళ్లకు ఒక ప్యాడ్ మార్చాలి. ఒక్క ప్యాడ్‌తో కారంతా కానివ్వాలనుకుంటే అది వేడెక్కి మెత్తబడి కోయడం మానేస్తుంది.

తెల్ల దుమ్ము విపరీతంగా లేస్తుంటే పాలిష్ ఎండిపోతోందన్నమాట. ప్యానెల్ వేడిగా ఉండొచ్చు, లేదా అదే చోట మరీ ఎక్కువసేపు తిప్పి ఉండొచ్చు. ఎండలో అసలు చేయొద్దు. నల్ల లోహం వేడిని ఇట్టే పట్టేస్తుంది. ప్లాస్టిక్ బంపర్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, లోహంలా వేడిని పక్కకు పంచదు. మధ్యమధ్యలో చేయి ఆనించి చూడండి, ఆనించలేనంత వేడిగా ఉంటే ఆగి చల్లారనివ్వాలి.

అపోహ: కాంపౌండ్ తర్వాత మసక వచ్చిందంటే పెయింటు పాడైపోయింది.

పాడవలేదు. పెద్ద గీతల్ని తీసే క్రమంలో కాంపౌండ్, ముఖ్యంగా మైక్రోఫైబర్ ప్యాడ్‌తో వాడినప్పుడు, తానుగా మరింత సన్నని గీతలు వదులుతుంది. వెండి రంగు కారు మీద ఇది తెలియదు, నలుపు మీద పొగ పట్టినట్టు ఉంటుంది. మెత్తని ఫినిషింగ్ ప్యాడ్, సన్నని పాలిష్, 3వ వేగం, మెషీన్ బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా ఇంకోసారి వెళ్తే పోతుంది. అయినా పోకపోతే తుడిచే టవల్‌ను అనుమానించండి. మెత్తని పెయింటు మీద పాత టవలే మసక తెస్తుంది.

అపోహ: ఒక్క గీత కూడా మిగలకూడదు.

గోరు ఆడిస్తే గోరుకు తగిలేంత లోతైన గీత పాలిష్‌కు అందదు. దాన్ని పూర్తిగా తీయాలంటే క్లియర్ కోట్ మిగలదు. అంచులు కాస్త గుండ్రబడి మెరుపు తగ్గేంతవరకు చేసి వదిలేయడమే తెలివైన పని. ఎండ నుంచి కాపాడే పదార్థాలు కూడా ఈ పొరలోనే ఉంటాయి, మరీ పల్చబడితే కొన్నేళ్లకు పొలుసులుగా లేస్తుంది. మందం కొలిచే గేజ్ ఉంటే మంచిదే కానీ మామూలు గేజ్ చూపించేది మొత్తం మందం, క్లియర్ కోట్ ఎంత మిగిలిందో చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీద అసలు పనిచేయదు. ఒక ప్యానెల్ 120 మైక్రాన్లు, పక్కది 250 చూపిస్తే రెండోదానికి మళ్లీ పెయింటు పడిందని అర్థం. 80కి దిగువన ఉంటే కాంపౌండ్ ఆలోచన మానుకోండి.

అపోహ: సిరామిక్ కోటింగ్ వేస్తే ఇక గీతలు పడవు.

డబ్బా మీద రాసే 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టితనం పరీక్షలో మాట, రాయి గట్టితనం కాదు. కోటింగ్ వల్ల నీరు జారుతుంది, మురికి తక్కువ అంటుతుంది, కడగడం తేలికవుతుంది. ఇసుక పట్టిన గుడ్డతో రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. పైగా గీతలున్న పెయింటు మీద కోటింగ్ వేస్తే అవి దాని కిందే ఉండిపోతాయి. మళ్లీ తీయాలంటే కోటింగ్‌ను కూడా అరగదీయాలి.

అపోహ: ఏడాదికోసారి పాలిష్ పడితే కారు ఎప్పుడూ కొత్తగా ఉంటుంది.

స్విర్ల్ మార్కులు పుట్టేది కడిగే చోట, తుడిచే చోట. పొడి దుమ్మును ఈకల కట్టతోనో పొడి గుడ్డతోనో దులపడం వీటికి మూలం. ముందు నీటి ధారతో వదులు మురికిని పోగొట్టండి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి మిట్ (కడిగేటప్పుడు చేతికి తొడుక్కునే గ్లవ్) జాడించడానికి. రెండింటి అడుగునా గ్రిట్ గార్డు, అంటే ఇసుకను కిందే ఆపే జల్లెడ, ఉంటే ఇసుక మళ్లీ పైకి రాదు. స్పాంజికి బదులు మైక్రోఫైబర్ మిట్ వాడండి, పైనుంచి కిందికి రండి, చక్రాలకు వేరే మిట్ ఉంచుకోండి. ఆరబెట్టేటప్పుడు పెద్ద టవల్‌ను ప్యానెల్ మీద పరిచి మెల్లగా లాగాలి, రుద్దకూడదు. టవళ్లను వేరే బట్టలతో కలపకుండా, సాఫ్ట్‌నర్ వేయకుండా ఉతకాలి. అంచున కుట్టిన లేబుల్ కత్తిరించేయండి, అదీ గీతలు పెడుతుంది. ఇలా కడిగితే కాంపౌండ్ అవసరం ఏళ్ల తరబడి రాదు. మధ్యలో మెరుపు తగ్గితే ఫినిషింగ్ పాలిష్ ఒక్క వరుస సరిపోతుంది, ఆపైన సీలెంట్ (పెయింటును కాపాడే పూత) పూయండి.