బొమ్మలో కలిసిపోయే మనిషి: బాడీ పెయింట్ ఫోటోగ్రఫీపై అపోహలు, వాస్తవాలు

అపోహ: ఒంటికి రంగులు పూసి మనిషిని వెనకున్న బొమ్మలో కలిపేసే ఈ ఫోటోలన్నీ ఫోటోషాప్ మాయ.
వాస్తవం: చైనా కళాకారుడు లియు బోలిన్ 2005లో బీజింగ్‌లో మొదలుపెట్టిన చిత్రాల్లో నిజంగానే గోడల ముందు నిలబడ్డాడు. సహాయకులు గంటల తరబడి ఆయనకు రంగులు వేశారు.

అపోహ: చేయి తిరిగిన చిత్రకారుడుంటే చాలు.
వాస్తవం: చాలదు. మనిషి వెనక బొమ్మలో కలిసేది ఒక్క చోటు నుంచి చూస్తేనే, ఆ చోటు కెమెరాది. అందుకే కుంచె పట్టకముందే ట్రైపాడ్ బిగించి, లెన్స్, ఎత్తు ఖాయం చేసుకోవాలి. మోడల్ పాదాల చుట్టూ టేపు అతికించాలి. ప్రొజెక్టర్‌తో గీతలు దించుకుంటే దాని లెన్స్ సరిగ్గా కెమెరా లెన్స్ ఉన్న చోటే ఉండాలి. నాలుగు గీతలకొకసారి కెమెరా తెరలో చూసుకోండి. మోడల్ పక్కన నిలబడి చూస్తే కుదిరిందనిపించిన గీత ఫోటోలో పక్కకు జరిగి ఉంటుంది.

వెనక బొమ్మగా డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన ‘స్టారీ నైట్’ (1889) తీసుకోండి. ఆకాశమంతా పొట్టి, మందపాటి కుంచె గీతలే. భుజం వంపు తిరిగే చోట అవి కెమెరాకు కుంచించుకుపోయి కనిపిస్తాయి కాబట్టి అక్కడ పొడవుగా లాగాలి. గడ్డం కింద, చంకల దగ్గర ఒంటి నీడ ఉండనే ఉంటుంది. అక్కడ రంగు ఒక మెట్టు లేతగా వేయాలి. పనిని ఎక్కువగా చెడగొట్టేది ఈ నీడలే. రెండు వైపులా 45 డిగ్రీల్లో సమానంగా పెద్ద సాఫ్ట్‌బాక్సులు (వెలుతురును మెత్తగా పరిచే లైటు పెట్టెలు) పెట్టి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచి తీయండి.

అపోహ: బొమ్మలో ఉన్న రంగే ఒంటికీ వేస్తే సరి.
వాస్తవం: గది వెలుతురులో కలిసిన రెండు నీలాలు ఫ్లాష్ పడగానే విడిపోవచ్చు. ముంజేతి మీద కొంచెం పూసి, ఆరనిచ్చి, అసలు లైట్లలోనే ఫోటో తీసి పోల్చుకోండి. ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ ‘ది కిస్’ (1907–08) చిత్రంలోని మెరుపు నిజమైన బంగారు రేకుది. ఒంటినిండా మెరుపు రంగు పూస్తే ప్రతి వంపూ తళుక్కుమని శరీరాన్ని పట్టిస్తుంది. ఎక్కువ భాగం మెరుపు లేని పసుపుతో కానిచ్చి, మెరుపును కొన్ని చుక్కలకే పరిమితం చేయాలి.

అపోహ: ఒళ్లంతా రంగు పూస్తే చర్మానికి ఊపిరాడదు.
వాస్తవం: ఊపిరి పీల్చుకునేది ఊపిరితిత్తులు, చర్మం కాదు. అసలు ప్రమాదం చెమట సరిగ్గా ఆరక ఒళ్లు వేడెక్కడం. గది చల్లగా ఉంచి, విరామాలిచ్చి, నీళ్లు తాగించాలి. అక్రిలిక్ రంగు మాత్రం వద్దు: ఆరి ప్లాస్టిక్ పొరలా బిగుసుకుని, మోచేతుల దగ్గర పగులుతుంది, తీసేటప్పుడు నూగు వెంట్రుకలను పీకుతుంది. డబ్బా మీద విషరహితం అని ఉన్నంత మాత్రాన అది చర్మానికి పనికొస్తుందని కాదు. చర్మం కోసమే చేసిన నీటి రంగులు కొని, ముందురోజే కొంచెం పూసి దురద వస్తుందేమో చూడాలి. ఎక్కువగా కదిలే ముఖం, చేతులు చివర్లో వేయాలి.

అపోహ: మనిషి పూర్తిగా మాయమైతేనే గొప్ప.
వాస్తవం: అలాగైతే మిగిలేది అసలు బొమ్మకు నకలే. మోడల్‌ను ‘స్టారీ నైట్’ ఆకాశంలో నిలబెడితే సుడిలో మునిగిపోతున్నట్టుంటుంది. ఎడమ పక్క సైప్రస్ చెట్టు చోట నిలబెడితే బొమ్మలోని ఊరికి కాపలా కాస్తున్నట్టుంటుంది. కళ్లు మూయించి ఒకటి, తెరిపించి ఒకటి తప్పకుండా తీయండి.