కౌంట్ పెరిగింది, కాపలా తగ్గింది

2021 మేలో మా బంధువుల సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు ఒకటి వాట్సాప్‌లో నాకొచ్చింది. తెల్లకణాలు 16,200, అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం, లింఫోసైట్లు 7 శాతం. ఇంట్లో ఒకటే టెన్షన్: కౌంట్ ఇంత పెరిగిందంటే ఇన్ఫెక్షన్ ముదిరినట్టేనా? జ్వరం తగ్గి అప్పటికి రెండు రోజులైంది. అయితే కోవిడ్‌కి ఆరు రోజులుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ నడుస్తోంది. ఆ అంకెలు చాలావరకు ఆ మందు పనేనని డాక్టర్ చెప్పారు. మందు ఆపిన కొన్నాళ్లకు కౌంట్ మామూలుకొచ్చింది.

ఆ మందు, కిడ్నీల నెత్తిన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్‌కి మనిషి చేసిన నకలు. ఈ గ్రంథులు లేకపోతే బతకలేమని తెలిసింది 19వ శతాబ్దంలో. లండన్ గైస్ హాస్పిటల్ డాక్టర్ థామస్ ఆడిసన్ 1855లో కొందరు రోగుల గురించి రాశాడు. అంతులేని నీరసం, నల్లబడిన చర్మం, చివరికి మరణం. శవపరీక్షలో చూస్తే అడ్రినల్ గ్రంథులు పాడైపోయి ఉన్నాయి. చాలామందిలో కారణం క్షయ.

తెల్లకణాలతో వీటికున్న సంబంధం బయటపడటానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకలను చలిలో ఉంచాడు, గాయపరిచాడు, విషాలు ఎక్కించాడు. ఏ బాధ పెట్టినా ఫలితం ఒకటే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, తెల్లకణాలు పెరిగే థైమస్, లింఫు గ్రంథులు ముడుచుకుపోయాయి. 1936లో ఇది ప్రచురించాడు. అడ్రినల్ తీసేసిన ఎలుకల్లో థైమస్ అలా ముడుచుకోలేదు. అంటే కబురు అక్కడినుంచే వెళ్తోంది.

1948లో బోస్టన్‌లో జార్జ్ థార్న్ బృందం దీన్నే పరీక్షగా మార్చింది. హార్మోన్లను నేరుగా కొలవడం కష్టమైన రోజులవి. అడ్రినల్‌ని ప్రేరేపించే ఇంజెక్షన్ ఇస్తారు, నాలుగు గంటల తర్వాత మైక్రోస్కోప్ కింద ఇస్నోఫిల్స్ అనే రకం తెల్లకణాలను లెక్కపెడతారు. సగానికి పడిపోతే గ్రంథి పనిచేస్తున్నట్టు. గ్రంథి ఆరోగ్యాన్ని తెల్లకణాలను అడిగి తెలుసుకోవడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం.

అదే ఏడాది సెప్టెంబర్ 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్లవాతంతో మంచంలో పక్కకి తిరగడానికే అవస్థపడుతున్న 29 ఏళ్ల మహిళకు ఫిలిప్ హెంచ్ బృందం అడ్రినల్ హార్మోన్ కార్టిజోన్ ఇంజెక్షన్ ఇచ్చింది. కొద్దిరోజుల్లో ఆమె నడిచింది, వారం తిరిగేసరికి బజారుకెళ్లి వచ్చింది. 1950లో హెంచ్‌కి, అడ్రినల్ హార్మోన్లపై పనిచేసిన కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. ముఖం ఉబ్బడం, షుగర్, మొండి ఇన్ఫెక్షన్లు కూడా ఆ వెనకే వచ్చాయి.

ఇంతకీ ఒంట్లో జరిగేదేమిటి? న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం రక్తంతోపాటు పారవు, నాళాల గోడలను అంటిపెట్టుకుని ఉంటాయి. కార్టిసాల్ ఆ పట్టు వదిలిస్తుంది, ఎముక మజ్జ నుంచి కొత్తవాటినీ రప్పిస్తుంది. సూదితో తీసిన రక్తంలో పారేవే లెక్కకొస్తాయి కాబట్టి కౌంట్ పెరుగుతుంది. కానీ గోడను పట్టుకోలేని కణం, గోడ దాటి ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి సులువుగా చేరలేదు. లింఫోసైట్లేమో రక్తం వదిలి మజ్జలోకి, ఇతర కణజాలాల్లోకి వెళ్తాయి. మోతాదు పెద్దదైతే కొన్ని చనిపోతాయి కూడా. మనవాళ్లు వాపు చూసి బలుపనుకోవద్దంటారు, ఆ రిపోర్టులో పెరిగిన కౌంట్ కూడా అలాంటిదే. ఈ గ్రంథుల్లోంచే వచ్చే మరో హార్మోన్ అడ్రినలిన్‌ది వేరే తీరు. కుక్క వెంటపడితే నిమిషాల్లో లింఫోసైట్లు రక్తంలోకి దూకుతాయి, గంటలోపే సర్దుకుంటాయి.

కార్టిసాల్‌ని శత్రువుగా చూడటం పొరపాటు. శత్రువుతో పోరాడే కణాలు సొంతిల్లు తగలబెట్టకుండా ఆపే కళ్లెం అది అని 1984లో అలన్ మంక్ బృందం వాదించింది. 2020 జూన్‌లో కోవిడ్ రోగుల మీద జరిగిన బ్రిటన్ రికవరీ ట్రయల్ దాన్ని కళ్లకు కట్టింది. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌తో వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం లాభం కనిపించలేదు.

ఈ రెండో మాట మన ఊళ్లకు సరిగా చేరలేదు. ఇంట్లోనే, మొదటిరోజు నుంచే, ఇష్టమొచ్చిన మోతాదులో వాడినవాళ్లు ఎందరో. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ ఇంకా పెరిగింది, కాపలా కణాలు చేతులెత్తేశాయి, ముక్కు దారిన ఫంగస్ కంటిదాకా పాకింది. తెలంగాణ ప్రభుత్వం 2021 మేలో ఈ బ్లాక్ ఫంగస్‌ని, ప్రతి కేసూ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా నోటిఫై చేసింది, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ రోగులకే ప్రత్యేకించింది. కన్ను, దవడ పోగొట్టుకుని ఇంటికెళ్లినవాళ్ల బాధ తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మోకాళ్ల నొప్పులకని ఊళ్లో నెలల తరబడి స్టెరాయిడ్ సూదులు, బిళ్లలు వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బయటినుంచి హార్మోన్ వస్తుంటే సొంత గ్రంథి పని మానేసి నిద్రపోతుంది. మందు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి, లేవలేని నీరసం వస్తుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆడిసన్ రోగుల్లో కొరవడిన హార్మోనే వీళ్లలోనూ కొరవడుతుంది. అందుకే అలా వాడినవాళ్లు సొంతంగా మానకూడదు, డాక్టర్‌కి చెప్పి మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.